పుట్టురాగి

ఇప్సిలాంటి, మిషిగన్
సెప్టెంబరు 1899

అన్నయ్యకు, సాయిమి వదినకు,

క్షేమంగా చేరాను. పడవలో ఏడ్చాను, రైల్లో నిద్రపోయాను, ఇక్కడ దిగాక ఆకలేసింది. వదిన కట్టిచ్చిన ఏలకుల రొట్టె స్టేషన్ బెంచీ మీదే అయిపోయింది. ఈ ఊరి పేరు ఒక్కసారి సరిగ్గా పలకడానికి నాకు ఒక పూట పట్టింది. ఇప్పుడు మెట్లెక్కుతూ, జుట్టు దువ్వుకుంటూ కూడా అదే అనుకుంటున్నాను. ఇంగ్లీషులో ఇంకా ఇలాంటి మాటలెన్ని ఉన్నాయో. అన్నీ నాకు కావాలి.

నా గదిలో ఉండే అమ్మాయి పేరు ఎడ్నా. వాళ్లది దక్షిణాన ఆపిల్ తోటలున్న ఊరు. "మీ ఊళ్లో అందరూ భూమి కిందే ఉంటారటగా?" అని అడిగింది. "పగలు మాత్రమే" అన్నాను. నిజమని నమ్మేసింది పాపం.

ఇక్కడ కాబోయే టీచర్లకు రసాయనశాస్త్రం కూడా చెబుతారు. చెప్పేది మిస్ విక్‌వేర్. మనిషి కొంగలా ఉంటుంది, గొంతు మాత్రం గనిలో ఫోర్‌మన్‌ది. మొదటిరోజే ఆమె మాకు ఒక మాట ఇచ్చింది: మూలకం. ఇంకా విడదీద్దామంటే లోపల వేరే ఏమీ లేనిది. ఉప్పును విడదీయవచ్చు, నీటిని విడదీయవచ్చు, ఇనుపరాయిలోంచి ఇనుమును లాగవచ్చు. కానీ ఇనుములోంచి ఇంకేమీ రాదు, అది అదే. ఆ మాట విని ఎందుకో నాకు ఒళ్లు జలదరించింది.

తరువాత ఒక చెక్కపెట్టె తెరిచింది. ఈ మూలకాల్లో చాలావాటికి ఒంటరిగా ఉండే అలవాటు లేదట. భూమిలో ఒకదాన్నొకటి పట్టుకుని వేరే రూపంలో దాక్కుంటాయట. ఒంటరిగా, తమంత తాముగా దొరికేవి కొన్నే. పెట్టెలో గంధకం ఉంది, పసుపుముద్దలా. చిటికెడు బంగారం ఉంది. వెండీ రాగీ ఒకే ముక్కలో, ఒకదాంట్లో ఒకటి కలవకుండా పక్కపక్కనే ఉన్న రాయి ఉంది. దాని కింద చీటీ మీద "కీవినా" అని రాసి ఉంది. నేను లేచి నిలబడి "అది మా ఊరు" అన్నాను. నా యాసకు వెనక వరస నవ్వింది. మిస్ విక్‌వేర్ నవ్వలేదు. ఆ ముక్క నా చేతిలో పెట్టింది.

ఇలా ఎవరూ కరిగించకుండానే లోహంగా దొరికే రాగికి ఇంగ్లీషులో "నేటివ్" కాపర్ అంటారట, ఇక్కడే పుట్టి పెరిగిన మనిషికి వాడే మాటే. పుట్టురాగి అన్నమాట. అంటే కీవినాలో ఆ రాగిది ఆ ఊరే, ఫిన్లాండునుంచి వచ్చిన మనమే పరాయివాళ్లం. ఈ సంగతి నీకు రాయాలని క్లాసు అయ్యేవరకూ ఆగలేకపోయాను.

నువ్వింకా బండ్లే తోస్తున్నావా? నడుము ఎలా ఉంది? నాన్న పోయాక నన్ను మోసింది ఆ నడుమే కదా. గనిలో ఏది జరిగినా దాచకుండా రాస్తానని మాటిచ్చావు. గుర్తుంచుకో.

నీ చెల్లెలు
హిల్యా


పైన్‌రిడ్జ్, కీవినా
అక్టోబరు

మాటల పుట్ట హిల్యాకు,

నీ ఉత్తరాన్ని మీ వదిన గట్టిగా చదివింది. గనిలో నా జతగాడు తావెట్టి కాఫీకి వచ్చి ఉన్నాడు, అతనూ విన్నాడు. "పరాయివాళ్లమని చెప్పడానికి చదువెందుకు, మన జీతం చూస్తే తెలీదా?" అన్నాడు. తరువాత నీ ఉత్తరం ఇంకోసారి చదవమన్నాడు.

నాకు ఉత్తరాలు రాయడం చేతకాదు. సూటిగా చెబుతాను. బండ్లు తోయడం మానేశాను. ఇప్పుడు రాగి కోస్తున్నాను. నిజంగానే. మన ఫిన్నోళ్ల చేతికి బండీ పారా తప్ప ఇంకేమీ ఇవ్వని గని కెప్టెన్ ట్రెంబాత్ తనే వచ్చి "ఈలిస్, నీకూ నీ మనుషులకూ ఒక మంచి పని ఉంది" అన్నాడు. చెయ్యి కూడా కలిపాడు. మీ వదిన ఆ రోజు ఆవిరిస్నానానికి సౌనా వేడి చేసి, కొత్త చొక్కా తీసింది, పెళ్లికి పోతున్నట్టు.

గని కింద, తవ్వేసిన పాత అరలో ఒక స్తంభం ఉంది. పాతకాలం వాళ్లు పైకప్పు నిలబడటానికి తవ్వకుండా వదిలేసిన రాయి. దాని పక్కన పెచ్చు ఊడిపడితే లోపల రాగి బయటపడింది. రాయిలో రాగి చారలు కాదు. రాగికే రాయి అంటుకుని ఉంది. మన ఇంటికన్నా పెద్దది, ఒక్కటే ముద్ద. దీపం ఎత్తి చూపిస్తే గులాబీరంగులో మెరుస్తుంది. నీ మిస్ కొంగగారికి ఇలాంటి ముక్క పెట్టెలో పట్టదని చెప్పు.

దాన్ని పేల్చలేం. మందు పెడితే రాయి ఎగిరిపోతుంది, రాగి అలాగే నిలబడి మనల్ని చూస్తుంది. కోయాల్సిందే. తావెట్టి పొడుగు ఉలి పట్టుకుంటాడు, నేనూ, మా జట్టులోని నెస్టరీ సమ్మెటలతో ఒకరి తరువాత ఒకరం కొడతాం. వెన్నలో కత్తి దింపినట్టు అనుకోకు. ఒక్క వేలంత గాడి పడటానికి చొక్కా పిండుకోవాలి. గాడిలోంచి రాగి పొట్టు చుట్టలు చుట్టుకుని వస్తుంది. ఒకటి ఇందులో పెట్టాను.

నాన్న చెప్పేవాడు గుర్తుందా, గని మాట్లాడుతుందని. బరువెక్కువైతే రాయి కిటకిటలాడుతుంది, టప్పుమంటుంది, ఇసుక రాలుస్తుంది. ఆ మాట విన్నవాడు బతుకుతాడు. ఈ స్తంభం చూడు, కిమ్మనదు. పనిచేసిన ఇన్ని చోట్లలో ఇంత నెమ్మదైన చోటు నేను చూడలేదు. అందుకే తావెట్టి దానికి నీ పేరు పెట్టాడు. హిల్యా అంటే నిశ్శబ్దమే కదా. "మీ చెల్లెలికి ఆ పేరు ఎలాగూ నప్పలేదు, దీనికన్నా నప్పనీ" అన్నాడు. ఇప్పుడు అందరూ అలాగే అంటున్నారు. పొద్దున్నే "హిల్యా దగ్గరికి పోదాం పదండి" అనుకుంటూ దిగుతాం.

నీ అన్న
ఈలిస్


ఇప్సిలాంటి
నవంబరు

అన్నయ్యకు,

రాగి పొట్టు అందింది. నా బల్ల మీద దీపం పక్కన పెట్టుకున్నాను. ఎడ్నా దాన్ని జుట్టులో పెట్టుకోమంటోంది. నీకు సమ్మెట దక్కినందుకు నాకెంత గర్వంగా ఉందో చెప్పడానికి మంచి మాట కోసం నిఘంటువు చూశాను. దొరికినవన్నీ పెళ్లి పత్రికల్లో మాటల్లా ఉన్నాయి. అందుకని ఊరికే గర్వంగా ఉంది అంటున్నాను.

కానీ అన్నయ్యా, ఒకటి అడుగుతాను, కోప్పడకు. పైకప్పును మోయడానికి వదిలిన స్తంభాన్నే మీరు కోస్తే పైకప్పును మోసేదెవరు? పక్కన దుంగలు నిలబెట్టారా? ఇంకొకటి. రాగి కోత ఎప్పుడూ ఇంగ్లండునుంచి వచ్చిన కార్నిష్‌వాళ్ల పని. తండ్రి ఉలి కొడుక్కి ఇచ్చి పోయేంత గొప్ప పని వాళ్లకు. అలాంటిది ఇంత పెద్ద ముద్దను మీకెందుకు వదిలారు?

వదినకు ఈ ఉత్తరం చదివి వినిపించమని చెప్పు. నువ్వు చదివితే ఈ పేరా ఎగ్గొడతావు.

స్తంభానికి నా పేరు పెట్టినందుకు సంతోషించాలో వద్దో తేల్చుకోలేకపోతున్నాను.

హిల్యా


పైన్‌రిడ్జ్
డిసెంబరు

హిల్యాకు,

మంచు కిటికీ సగం దాకా వచ్చింది. మేం బాగానే ఉన్నాం.

కార్నిష్‌వాళ్ల సంగతి అడిగావు. వాళ్లకు నడుములు వంగడం లేదిప్పుడు. ఆ మాంసం కూరిన పాస్టీలు తిని లావెక్కారు. దుంగల సంగతి కెప్టెన్ చూసుకుంటాడు. నలభై ఏళ్లుగా భూమి కింద ఉన్న మనిషి. రోజూ వచ్చి స్తంభానికి చెవి ఆనించి వింటాడు, డాక్టరు రొమ్ము మీద చెవి పెట్టినట్టు. "పసిపాపలా నిద్రపోతోంది" అంటాడు. అంతకన్నా ఏం కావాలి?

నవ్వొచ్చే సంగతి ఒకటి చెబుతాను. మొన్న ఆదివారానికి ముందు ఉలిని గాడిలోనే వదిలి వచ్చాం. తిరిగి వెళ్లి లాగితే రాదు. ముగ్గురం వేలాడినా రాదు. మేం కోసిన గాడే, మా ఉలే, కానీ గాడి దాన్ని రెండు దవడలతో కరిచి పట్టుకున్నట్టుంది. తావెట్టి టోపీ తీసి వంగి "హిల్యా, నా చెయ్యి వదులు తల్లీ, ఇంట్లో పెళ్లాం ఉంది" అన్నాడు. నెస్టరీ నవ్వి నవ్వి దీపం ఆర్పేసుకున్నాడు. చివరికి పక్కన ఇంకో గాడి కోసి ఉలిని విడిపించాం. అప్పటినుంచి సాయంత్రం వచ్చేటప్పుడు ఉలి తీసుకుని వస్తున్నాం.

మీ వదిన బీట్‌రూట్ ఊరగాయ పంపుతానంటోంది. సీసా పగిలితే నీ పుస్తకాలకు రంగు వస్తుంది.

ఈలిస్


ఇప్సిలాంటి
జనవరి 1900

అన్నయ్యా,

ఈ ఉత్తరాన్ని దయచేసి ఒక్కడివే, మెల్లగా చదువు.

ఇవాళ క్లాసులో మిస్ విక్‌వేర్ స్వచ్ఛమైన లోహాలు తెచ్చింది. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు కళ్లతోనే కాదు, చెవులతో కూడా నేర్పాలంటూ మమ్మల్ని నోరు మూసుకుని వినమంది. ముందు ఒక తగరపు కడ్డీ తీసి చెవి దగ్గర పెట్టుకుని వంచింది. అది ఏడ్చింది. నిజంగా అన్నయ్యా. సన్నగా, పళ్లు కొరికినట్టు, మంచు గడ్డ మీద అడుగు పడ్డట్టు. గది మొత్తానికి వినబడింది. దాన్ని తగరం ఏడుపు అనే అంటారట. కలుషితమైన తగరం ఇంత బాగా ఏడవదట, స్వచ్ఛమైనదే ఏడుస్తుందట.

తరువాత నల్లరాతి పలకను బిగింపులో పెట్టి మరను తిప్పింది. అది చిటపటమని, చివరికి ఫట్టుమని రెండయింది.

తరువాత రాగి కడ్డీ. దాన్ని నా చేతికే ఇచ్చింది, మా ఊరిదని. వంచాను. ఏమీ వినబడలేదు. మళ్లీ వంచాను. దాదాపు మడత పెట్టేశాను. చెవికి ఆనించుకుని వంచాను. దాంట్లో ఏమీ జరగనట్టే ఉంది, కానీ నా చేతుల్లో వంగిపోతోంది. "చూశారా, రాగికి ఫిర్యాదు చేసే అలవాటు లేదు" అంది మిస్ విక్‌వేర్. అందరూ నవ్వారు. నేను కూర్చుండిపోయాను.

మీ గాడి మూసుకుపోయింది అన్నయ్యా. ఉలిని కరిచి పట్టుకోవడం అంటే అదే. ఆదివారం మీరెవరూ లేనప్పుడు పైనున్న కొండ కిందికి దిగింది, ఆ రాగి నా చేతిలో కడ్డీలా వంగింది, ఒక్క మాట అనకుండా. మీరు చుట్టూ ఉన్న రాయిని ఒలిచేస్తున్నారు. మాట్లాడేది రాయే. మీరు ఒలిచేకొద్దీ బరువంతా మాట్లాడని దాని మీదికి వెళుతోంది. అది నెమ్మదిగా ఉందని మీరు నమ్మారు. అది నెమ్మదిది కాదు, మూగది. కెప్టెన్ చెవి ఆనించి ఎంతసేపు విన్నా అది చెప్పదు, కూలిపోయే క్షణం దాకా చెప్పదు.

దాని కిందనుంచి వచ్చేయి. బండ్లే తోసుకో. నన్ను చదువు మానేసి వచ్చేయమన్నా వస్తాను, ఎవరింట్లోనైనా అంట్లు తోముతాను. దాని కింద మాత్రం నిలబడకు.

హిల్యా


పైన్‌రిడ్జ్
ఫిబ్రవరి

చెల్లీ,

నీ ఉత్తరం ఒక్కడినే చదివే భాగ్యం నాకు లేదు. సాయిమి ముందే విప్పింది. చదివి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు పొద్దున నేను బూట్లు కట్టుకుంటుంటే తలుపుకు అడ్డంగా నిలబడుతోంది. ఇందుకేనా నిన్ను చదివించింది?

ఒక కడ్డీ వంచి గని మొత్తం తెలిసిపోయిందా నీకు? నాన్న బతికి ఉంటే నవ్వేవాడు. నువ్వు పుట్టకముందునుంచి మనుషులు ఆ స్తంభం కింద నడుస్తున్నారు.

సరే, దాచనన్నాను కదా. విను. ముందు ఆ పని కార్నిష్‌వాళ్లకే ఇచ్చారు. వాళ్లు ఒక షిఫ్టు చేసి పైకొచ్చి, ఇక మళ్లీ దిగం అన్నారు. ఎందుకని అడిగితే చెప్పలేకపోయారు. "అక్కడ మరీ చప్పుడు లేదు" అన్నారంతే. అది వాళ్ల పిచ్చి నమ్మకాల్లో ఒకటని, గోడల్లో తట్టే మరుగుజ్జు దయ్యాలు తట్టడం మానేశాయని భయపడ్డారని మేం నవ్వుకున్నాం. అందుకే పని మాకొచ్చింది. దుంగల్లేవు. అడిగితే, కోత అయిపోయాక ఎలాగూ తీసేయాలిగా, దండగ అన్నారు.

ఇప్పుడు తెలిసిందిగా. ఫిన్నోడి చేతికి మొదటిసారి సమ్మెట వచ్చింది. నేను వద్దని పైకొస్తే ఇక ఏ ఫిన్నోడికీ రాదు. "చూశారా, పిరికిముండావాళ్లు, బండ్లకే పనికొస్తారు" అంటారు. నా వెనక ఎంతమంది ఉన్నారో నీకేం తెలుసు?

ఇక దీని గురించి రాయకు.

ఈలిస్


ఇప్సిలాంటి
ఫిబ్రవరి

అన్నయ్యా,

రాయను.

మిస్ విక్‌వేర్‌ని అడిగి తగరపు కడ్డీ ఒకటి తెచ్చాను. ఎందుకని అడగకుండానే ఇచ్చింది. నీ రాగి పొట్టుతో పాటు గుడ్డలో చుట్టి పంపుతున్నాను. నన్ను నమ్మమని అడగను. నిన్ను నువ్వు నమ్ముకోమనీ అనను. తావెట్టి చెవి దగ్గర ముందు ఒకటి వంచు, తరువాత రెండోది. ఏమీ చెప్పకు. అతని మొహం చూడు.

హిల్యా


పైన్‌రిడ్జ్
మార్చి

హిల్యాకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. కోపంతోనే చేశాను, నవ్వించడానికి. కింద, భోజనం వేళ, రాగికి ఆనుకుని కూర్చుని ఉన్నాం. తగరాన్ని తావెట్టి చెవి పక్కన వంచాను. ఉలిక్కిపడి పైకి చూశాడు, రాయి పలికిందనుకున్నాడు. నెస్టరీ అప్పటికే లేచి నిలబడ్డాడు. చేతిలో కడ్డీ చూపించాను. తిట్టారు. తరువాత రాగి పొట్టు వంచాను.

"ఊఁ, వంచు" అన్నాడు తావెట్టి.

"వంచాను."

"ఎప్పుడు?"

తావెట్టి చాలాసేపు దాన్ని చూశాడు. తరువాత తల తిప్పి గాడిని చూశాడు. వేలు పెట్టి చూశాడు. పొద్దున వేలు పట్టిన చోట గోరు పట్టలేదు. ఉలి తీసుకోకుండా నిచ్చెన దగ్గరికి నడిచాడు. మేం వెనకాలే. దుస్తులు మార్చుకునే గదిలో తావెట్టి నా చేతిలోంచి తగరం తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. "నీ చెల్లెలికి చెప్పు, ఆ పేరు తిరిగి ఇచ్చేస్తున్నామని" అన్నాడు.

మీ వదిన నన్ను చూసి ఏడ్చింది. తరువాత కాఫీ పెట్టింది.

కెప్టెన్ ఊరుకుంటాడా? గుమ్మం దాకా వచ్చాడు. "ఈలిస్, నీ చేతికి సమ్మెట ఇచ్చింది నేను. నా చెయ్యి కలిపాను నీతో" అన్నాడు. గాడి మూసుకుంటోందని చెప్పాను. "రాయి ఏమైనా అందా?" అన్నాడు. లేదన్నాను. "మరింకేం?" అన్నాడు. నా ఇంగ్లీషుకు అక్కడితో మాటలైపోయాయి. నువ్వు దగ్గరుంటే బాగుండునని మొదటిసారి అనిపించింది.

ఇప్పుడేం చేస్తున్నాడో తెలుసా? మమ్మల్ని సిగ్గుపరచడానికి రోజూ మధ్యాహ్నం ఒక్కడే దిగి, ఆ స్తంభానికి వీపు ఆనించి కూర్చుని పాస్టీ తిని వస్తున్నాడు. ఊరంతా చెప్పుకుంటోంది. సారా దుకాణంలో మమ్మల్ని చూస్తే చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని విన్నట్టు నటిస్తున్నారు. బండి పని కూడా పోయింది నాకు. నెస్టరీ అడవిలో చెట్లు నరకడానికి పోయాడు.

ఒక సంగతి మీ వదినకు కూడా చెప్పలేదు. రోజూ మధ్యాహ్నం కాగానే నేను చేస్తున్న పని ఆపేస్తున్నాను. అది కూలాలని నాలో ఏదో ఎదురుచూస్తోంది. కూలితేగానీ నేను పిరికివాణ్ని కాదని తేలదు. ఆ కోరిక నాలో ఉందని తెలిసి భయమేస్తోంది.

ఈలిస్


ఇప్సిలాంటి
మార్చి

అన్నయ్యా,

నువ్వు పైకొచ్చావని చదివి ఎడ్నాను కావలించుకుని గది అంతా తిప్పాను. తరువాత చివరి పేరా చదివాను.

నువ్వు అది కోరుకోవడం లేదు. కోరుకునేవాడు నాకు రాయడు. కానీ ఇంట్లో కూర్చుని మధ్యాహ్నం కోసం ఎదురుచూస్తే ఆ కోరికే నిజమైపోతుంది. కెప్టెన్ దగ్గరికి మళ్లీ వెళ్లు. గుమ్మంలో కాదు, కిందే, అతను కూర్చున్న చోట, గాడి కళ్ల ముందున్నప్పుడు. నీకు కావలసిన ఇంగ్లీషు ఎక్కువేం లేదు. రాత్రంతా పెద్ద పెద్ద మాటలు వెతికాను. చివరికి మిగిలింది ఇదే: "ఇది రాయి కాదు." అంతే చెప్పు. అతనికి రాయి తెలుసు. మిగతాది అతనే అర్థం చేసుకుంటాడు.

చెప్పి వెంటనే బయటికొచ్చేయి. అతని కోసం ఆగకు. ఇది మాత్రం నాకు మాటివ్వు.

హిల్యా


పైన్‌రిడ్జ్
ఏప్రిల్

చెల్లీ,

నీ ఉత్తరం వచ్చిన మరునాడే దిగాను. ఇది గని పైన, దుస్తులు మార్చుకునే గదిలో కూర్చుని రాస్తున్నాను. నా వంతు మళ్లీ వచ్చేదాకా తీరిక ఉంది. అక్షరాలు కుదరకపోతే ఏమనుకోకు.

కెప్టెన్ అక్కడే ఉన్నాడు, మోకాళ్ల మీద గుడ్డ పరుచుకుని. "వచ్చావా ఫిన్నోడా? కూర్చో, నిన్ను కరవదులే" అన్నాడు.

నేను కూర్చోలేదు.

"విను" అన్నాడు, తల వెనక్కి ఆనించి. "ఏమైనా అంటోందా?"

"లేదు."

"నలభై ఏళ్లయ్యా. రాయి నాకు చెప్పకుండా ఒక్క పని చేయలేదు. మా అబ్బాయి పోయిన రోజు కూడా చెప్పింది. వాడే వినలేదు."

ఇది రాయి కాదు కెప్టెన్, అన్నాను.

దీపం తీసి వెనక్కి తిరిగి గాడిని చూశాడు. నలభై ఏళ్ల మనిషి కదా, ఒక్కసారి చూస్తే చాలు. మేం కోసిన గాడి ఉండాల్సిన చోట పెన్సిలు గీతంత గీత ఉంది. అతని మొహం నేను ఇక మరిచిపోలేను. మిగిలిన పాస్టీని గుడ్డలో చుట్టాడు. "పద, నువ్వు ముందు నడు" అన్నాడు. నేను నడిచాను. అతను లేచాడు. లేచిన చప్పుడు నేను విన్నాను, ఎవరడిగినా చెబుతాను, ఆ మనిషి లేచాడు.

చప్పుడేమీ రాలేదు. ముందు గాలి వచ్చింది. వీపు మీద తోసి నన్ను నిచ్చెన దగ్గర పడేసింది, దీపం ఆరిపోయింది. ఆ తరువాత వచ్చింది చప్పుడు.

దుమ్ము తగ్గాక, చప్పుడు విని దిగివచ్చిన తావెట్టీ మిగతావాళ్లూ దీపాలు తెచ్చారు, చూస్తే రాగి ముద్ద పక్కకు ఒరిగి అర మొత్తాన్ని మూసేసింది, సీసాకు బిరడా పెట్టినట్టు. పైనుంచి రాళ్లు దాని చుట్టూ దిగబడ్డాయి. అరుస్తూ పిలిచాం. తావెట్టి ఊరికే సమ్మెటతో రాగి మీద ఒకసారి తట్టాడు.

అవతలినుంచి ఎవరో తట్టారు.

రాగి అంత బాగా చప్పుడు మోస్తుందని నాకు తెలియదు హిల్యా. పక్కగదిలో తలుపు తట్టినట్టుంది. ఇన్ని నెలలు నోరు విప్పనిది, అతని తట్టు ఒక్కొక్కటీ మా చెవిలో పెట్టింది. చుట్టూ ఉన్న రాయిని పేలిస్తే మిగతా కప్పు అతని మీద పడుతుంది. రాగిని పేల్చలేం. కోయాలి. సన్నగా ఉన్న మూల చూసుకుని మొదలుపెట్టాం. ఎవరూ ఎవరినీ పిలవలేదు. వద్దని పైకొచ్చిన కార్నిష్‌వాళ్లందరూ తమ తండ్రుల ఉలులు తీసుకుని దిగారు. నెస్టరీ అడవినుంచి మంచులో నడిచి వచ్చాడు. ఒక జట్టు కొడుతుంటే ఇంకో జట్టు పక్కనే నిలబడుతోంది, పిడి చల్లబడకుండా. జట్టు మారేటప్పుడు తావెట్టి తడతాడు, అవతలినుంచి జవాబు వస్తుంది, మళ్లీ కొడతాం. కార్నిష్ జట్టు పాడుతూ కొడుతుంది, అతనికి వినబడాలని. పాట లయకు అతను తట్టాడు కూడా.

గాడి మోచేతి లోతు దాటింది. ముద్ద ఇంకా ఎంత మందం ఉందో ఎవరికీ తెలియదు.

ఇందాక మా వంతు అయ్యేటప్పుడు తావెట్టి తట్టాడు. సమ్మెటలన్నీ ఆగి ఉన్నాయి. మళ్లీ తట్టాడు. అందరం రాగికి చెవులు ఆనించాం, కార్నిష్‌వాళ్లూ మేమూ, ఒకళ్ల భుజాలకొకళ్లం తగులుతూ. అవతలినుంచి జవాబు రాలేదు. కాసేపటికి వాళ్లలో పెద్దాయన లేచి ఉలి తీసుకుని గాడిలో పెట్టి నావైపు చూశాడు.

నేను కొట్టాను.

పిలుస్తున్నారు. దిగాలి.

ఈలిస్